నీలిరంగు ప్రయాణం

ఈ సంచికను జీన్సుకు కేటాయించాం. పంతొమ్మిదో శతాబ్దంలో నెల్లూరు, కడప రైతులు నీలిమొక్క పండించేవారు. 1897లో జర్మనీ కృత్రిమ నీలిని మార్కెట్లోకి తెచ్చాక ఆ సాగు క్రమంగా కుప్పకూలింది. ఇప్పుడు అదే రంగు జీన్సుగా నెల్లూరు దగ్గరి మైపాడు తీరంలో కుర్రాళ్ల ఒంటి మీద కనిపిస్తోంది.

ఒక జీన్సు ప్యాంటుకు జీవితకాలంలో 3,781 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని లీవైస్ కంపెనీయే 2015లో లెక్కకట్టింది. సింహభాగం పత్తి చేనుకే. ఇక ఉతికినప్పుడు రాలే పోగులు? కెనడా ఆర్కిటిక్ సముద్రగర్భపు మట్టిలోనూ అవి దొరికాయని 2020లో శాస్త్రవేత్తలు చెప్పారు. మన బంగాళాఖాతం మాటేమిటన్నదే మా బెంగ.

పాత జీన్సును చీల్చి మళ్లీ నూలు తీయొచ్చు. కానీ పోగు పొట్టిదై బలం తగ్గుతుంది. సాగే దారం కలిసిందంటే మరీ కష్టం. కాబట్టి పాఠకులారా, చిరిగితే ముందు దర్జీకివ్వండి, మురికి పట్టాకే ఉతకండి.