‘సెక్రటరీ’ మంచి రచనేనా?

పదిమంది చదివిన నవల కనుక మంచి నవలే అయి ఉంటుందని కొందరంటారు. పదిమందీ చదివారు కనుకనే అది మంచిది కాజాలదని మరికొందరంటారు. మా దృష్టిలో ఈ రెండూ పుస్తకం తెరవకుండా ఇచ్చిన తీర్పులే. ఈ సంవత్సరం మన గ్రంథాలయానికి కొనవలసిన తెలుగు పుస్తకాల జాబితాలో విద్యార్థినులు యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ పేరు వ్రాయగా, కాలక్షేపపు నవల అంటూ పెద్దలు కొందరు దానిని కొట్టివేశారు. ఆ నవల చక్కని రచన అవునో కాదో విచారించవలసిన అవసరం అందువల్లనే కలిగింది.

ఈ నవల 1960ల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికంగా వెలువడింది. అద్దె పుస్తకాల దుకాణాల ద్వారా ఇంటింటికీ చేరింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ గార్లు నటించగా చలనచిత్రమైంది. రచయిత్రి 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీపరీక్షల శిక్షణకై వచ్చి హాస్టళ్ళలో ఉంటున్న అమ్మాయిలు, ఎల్.బి.నగర్ వైపునుంచి మెట్రోలో వచ్చే మన విద్యార్థినులు నేటికీ దీనిని చేతులు మార్చుకొని చదువుతూనే ఉన్నారు. ఏ పాఠ్యప్రణాళికా నిర్బంధించకుండా అమ్మమ్మ చదివిన పుస్తకాన్ని మనుమరాలు చదువుతున్నదంటే, దానిని ఒక్క గీతతో కొట్టివేయడం న్యాయం కాదు.

ధారావాహిక కావడమే లోపమనే వాదం నిలువదు. కందుకూరి వీరేశలింగం పంతులు గారి ‘రాజశేఖర చరిత్రము’ సైతం 1878లో ‘వివేకవర్ధని’లో భాగాలుగా వెలువడి, 1880లో గ్రంథరూపం దాల్చినదే. దానిని మనం తరగతిలో గౌరవంగా బోధిస్తున్నాము. కనుక పరీక్షించవలసినది అచ్చయిన చోటును కాదు, వ్రాసిన తీరును.

మొదట గుణాలను చెప్పుకుందాము. బామ్మ నీడన పెరిగిన మధ్యతరగతి అమ్మాయి జయంతి. ఆమె ఉద్యోగం చేసి తన కాళ్ళమీద తాను నిలబడాలనుకుంటుంది. సంపన్నుడైన రాజశేఖరం ఎదుట తన ఆత్మాభిమానాన్ని చిన్నబుచ్చుకోదు. ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్ళడమే వింతగా ఉన్న ఇళ్ళెన్నో గల ఆ కాలంలో ఈ పాత్ర చిన్న విషయం కాదు. ఆమె కోపంలోని చనువును, మౌనంలోని భయాన్ని రచయిత్రి సంభాషణల ద్వారానే తెలియజేస్తారు, ఉపన్యాసాల ద్వారా కాదు. వాక్యం పొట్టిది, పదం ఇంట్లో వాడేది. ఒక ఘట్టం ముగిసేసరికి పాఠకురాలి మనసులో ఒక ప్రశ్న మిగులుతుంది, అదే తరువాతి పుటను తిప్పిస్తుంది. ఇది సులభంగా కనిపించే విద్యే గాని, సులభంగా పట్టుబడే విద్య కాదు. సందేహమున్నవారు రెండు పుటల సంభాషణ వ్రాసి చూడగలరు.

ఇక లోపాలు. కథానాయకుడు మనిషిగా కంటె స్వప్నంగా ఎక్కువ కనిపిస్తాడు. అందం, ఐశ్వర్యం, హుందాతనం అన్నీ ఒక్కచోట పోగుపడిన అతనిలోని సామాన్యమైన బలహీనతలను మనం దగ్గరగా చూడము. రెండవది, అపోహ. ఆరంభంలో అది జయంతి స్వభావం నుంచి సహజంగానే పుడుతుంది. రానురాను ఒక్క సూటి మాటతో తొలగిపోగల అపోహను కథ సాగడం కోసమే నిలిపి ఉంచినట్లు తోస్తుంది. మూడవది, భాష. అది శిష్ట మధ్యతరగతి వ్యావహారికం. మలక్‌పేటలోనో సరూర్‌నగర్‌లోనో తెలుగు, ఉర్దూ కలిసి పలికే నాలుక కాదు. దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్ళు’ తెరిస్తే నిజాం పాలననాటి తెలంగాణ పల్లె తన సొంత గొంతుతో మాట్లాడుతుంది. రెండు నవలలనూ పక్కపక్కన పెట్టి చదివినవారికి ఈ తేడా ఇంకొకరు చెప్పనవసరం లేదు.

కాగా మా తీర్పు ఇది: ‘సెక్రటరీ’ నేర్పుగా నడిపిన నవల, లోతుగా తవ్విన నవల కాదు. మొదటి మాటను దాచడం అసూయ అవుతుంది, రెండవ మాటను దాచడం ముఖస్తుతి అవుతుంది.

ఉర్దూ సాహిత్యంలోనూ ఇటువంటి తగవు నడిచింది. ఇబ్నె సఫీ 1952లో అలహాబాదునుంచి ‘జాసూసీ దునియా’ నవలలు ఆరంభించారు. 1980లో మరణించేవరకు ఆయనను చదవని ఉర్దూ ఇల్లు అరుదు. అపరాధ పరిశోధన సాహిత్యం కాదని పండితులు చాలాకాలం పక్కన పెట్టినా, ఆయన వాక్యంలోని చమత్కారాన్ని, స్వచ్ఛతను తరువాతివారు అంగీకరించక తప్పలేదు. మన ఇళ్ళలో ఎందరో పెద్దలు మంచి ఉర్దూ చదవడం ఆయన దగ్గరే అలవరచుకున్నారు. తమకు ఆ మెట్టు దక్కినప్పుడు, తమ బిడ్డలకు తెలుగులో అటువంటి మెట్టును కాదనడం ఏమి న్యాయం?

ఈ మాట ఊరకే అనడం లేదు. ఉర్దూ మాధ్యమంలో చదివి మన కళాశాలకు వచ్చే విద్యార్థినికి తెలుగు లిపి తెలుసు, తెలుగు చదివే అలవాటు లేదు. ఆమె చేతిలో మొదటిరోజే ప్రౌఢ ప్రబంధం పెడితే పరీక్ష గట్టెక్కేవరకు మోసి, తరువాత దించివేస్తుంది. ఒక నవలను తనంత తాను చివరివరకు చదివినదైతే, రెండవదాన్ని వెదుక్కుంటుంది. అయితే మొదటి మెట్టుమీదనే కూర్చోనీయకపోవడం అధ్యాపకుల బాధ్యత.

కనుక కమిటీ పెద్దలకు మా మనవి: కొట్టివేసిన పేరును తిరిగి జాబితాలో చేర్చండి, దాని పక్కనే ‘చిల్లర దేవుళ్ళు’ కూడా కొనండి. విద్యార్థినీ విద్యార్థులకు మా సూచన: నచ్చిన నవలను దాచుకొని చదవకండి, పెన్సిలు పట్టుకొని చదవండి. పేరు తీసివేస్తే ఏ మాట ఎవరిదో తెలుస్తున్నదా, పాత్ర చేసిన పని ఆ పాత్ర చేయదగినదేనా, ఊరు కళ్ళకు కట్టినదా అని పుట అంచున ప్రశ్నలు వ్రాసుకోండి (పుస్తకం సొంతమైతేనే సుమా!). నచ్చినదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఎందుకు నచ్చినదో చెప్పగలగడమే చదువు.