బండి బాగోతం: ఇరుసుకు తాళం

"లాకర్ కొంటున్నాం" అని పోయిన నెల సంఘం విందులో నోరు జారాం. పక్క బల్ల దగ్గర కూర్చొన్న ఇద్దరు ఇల్లాళ్ళు వెంటనే మా శ్రీమతి దగ్గరకు వచ్చి, బంగారం ఎప్పుడు కొన్నారు, ఏ బాంకులో పెడుతున్నారు అని ఆరా తీశారు. "బాంకులో కాదండీ, కారు ఇరుసులో పెడుతున్నారు" అన్నది ఆవిడ. ఆ మాట నలుగురి నోళ్ళలో నాని, మాకు నాలుగు ఫోనులు వచ్చి, చివరకు సంపాదకులవారు "ఈ నెల అదే రాసెయ్యండి" అన్నారు. కనుక ఈ సంచికలో ఆదాయప్పన్ను గురించి రాస్తామన్న మాట వెనక్కి తీసుకొంటున్నాం.

కథ యూటా రాష్ట్రంలోని మోయాబ్‌లో మొదలైంది. ఎర్రరాతి కొండలు, వాటి మధ్య బండిబాటలు ఉన్న చిన్న ఊరు. 1967 నుంచి ఈస్టరు రోజుల్లో అక్కడ జీపులవాళ్ళ తిరునాళ్ళు జరుగుతున్నది. మేముండే డెన్వర్ నుంచి సుమారు 350 మైళ్ళు. పోయిన అక్టోబరులో మా మామగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో వ్యవసాయం చేసిన మనిషి. షాపింగు మాళ్ళు చూపించి చూపించి మాకూ, చూసి చూసి ఆయనకూ విసుగెత్తి, పిల్లలతో సహా మోయాబ్ ప్రయాణం కట్టాం. "మామగారూ, ఇది నాలుగు చక్రాలూ లాగే బండి. దీనికి అడ్డం లేదు" అని దారి పొడుగునా చెప్పాం కూడాను.

సాయంత్రం నాలుగున్నరకు ఒక ఎండిన వాగును ఏటవాలుగా దాటబోయాం. బండి మధ్యలో ఆగింది. దిగి చూద్దుము గదా, ముందు కుడి చక్రమూ, వెనక ఎడమ చక్రమూ గాలిలో వేలాడుతున్నాయి. మిగిలిన రెండూ గట్టినేల మీద చక్కగా ఆనుకొని ఉన్నాయి. మళ్ళీ ఎక్కి గాసు తొక్కితే, గాలిలో ఉన్న రెండు చక్రాలూ రాట్నంలా గిరగిర తిరిగాయి. నేలమీది రెండూ తమకేమీ పట్టనట్టు నిలబడ్డాయి. పొద్దు వాలుతున్నది. వెనక సీటులో ఇద్దరు పిల్లలు. బండిలో ఉన్నది ఒక గాలను మంచినీళ్ళు. ఫోనుకు సిగ్నలు లేదు. మా శ్రీమతి ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయం వేసింది.

మామగారు నెమ్మదిగా దిగి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వంగి ఇరుసుకేసి చూసి, "అల్లుడుగారూ, లాకు పెడలు ఏదండీ?" అన్నారు.

లేదన్నాం.

"అదేమిటండీ, ఇంత ఖరీదు బండికి లాకు లేదా? మన ఊళ్ళో ట్రాక్టరుకే ఉంటుందే!"

నిజమే. చాలా ట్రాక్టర్లకు సీటు కింద, కుడికాలి మడమకు అందేటట్టు ఒక చిన్న పెడలు ఉంటుంది. పొలం దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం ఊబిలో పడి ఊరికే తిరుగుతుంటే, గాసు తగ్గించి ఆ పెడలు తొక్కుతారు. రెండు చక్రాలూ ఒకటై కదులుతాయి, ట్రాక్టరు బయటపడుతుంది. గట్టు దగ్గర మలుపు తిరగబోయే ముందు కాలు తీసేస్తారు. ఇంజనీరింగు చదివి, ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉద్యోగం చేస్తూ, మేము కొన్న బండి లోపల ఏమున్నదో మాకు తెలియలేదు. ఆయనకు తెలుసు.

ఇంతకూ ఆ తాళం దేనికి వేస్తారో చెప్పాలంటే, ముందు డిఫరెన్షియల్ అన్నది ఎందుకున్నదో చెప్పాలి. ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకొని ధ్వజస్తంభం చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నారనుకోండి. బయటివైపు ఉన్నవాడు ఎక్కువ నడవాలి. బండి చక్రాలూ అంతే. రెండు చక్రాలకూ మధ్య ఐదడుగుల ఎడం ఉంటే, ఒక చుట్టు పూర్తయ్యేసరికి బయటి చక్రం లోపలిదానికంటే సుమారు 31 అడుగులు ఎక్కువ తిరగాలి. చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఆ లెక్క మారదు. మన ఎడ్లబండికి ఈ బాధ లేదు. బండిని లాగేవి ఎడ్లు, చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. కారులో బండిని కదిలించేదే చక్రం. ఒకే ఇంజను రెండు చక్రాలనూ తిప్పాలి, కాని రెండింటినీ రెండు వేగాలతో తిరగనివ్వాలి. ఈ చిక్కు విప్పడానికే ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత డబ్బాలో ఆ పళ్ళచక్రాల అమరిక పెట్టారు. ఫ్రాన్సులో పెకర్ అనే ఆయన 1820ల చివర్లో ఆవిరిబండి కోసం దీన్ని తయారుచేశాడు.

అందులో ఉన్న కిటుకు కావడి వంటిది. రెండు చక్రాల మధ్య ఉన్న చిన్న గేరు కావడిబద్ద. ఇంజను భుజం. బద్ద రెండు కొసలకూ ఎప్పుడూ ఒకే బరువు ఉండాలి. ఒక బుట్ట ఖాళీ అయితే రెండో బుట్టలో ఏమీ నిలవదు, బద్ద తిరగబడుతుంది. మంచుమీదనో గాలిలోనో ఉన్న చక్రం ఖాళీ బుట్ట. అది ఎంత తక్కువ బలం పుచ్చుకొంటే, గట్టినేల మీద ఉన్నదానికీ అంతే దక్కుతుంది. మా బండికి ముందొక కావడి, వెనకొక కావడి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ బలం సమంగానే వెళ్ళింది గాని, రెండు కావళ్ళూ ఖాళీ బుట్టవైపే వాలిపోయాయి. అందుచేత నాలుగు చక్రాలూ లాగే బండి అన్న మా గొప్ప ఒట్టిది. ఆ వాగులో మా బండిని లాగవలసిన చక్రం ఒక్కటీ లేదు.

బయటపడిన సంగతి కూడా కావడి లెక్కే. మామగారు "హాండు బ్రేకు సగం లాగి, గాసు నెమ్మదిగా ఇవ్వండి" అన్నారు. హాండు బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. తేలిన చక్రాన్ని బ్రేకు పట్టేసరికి ఖాళీ బుట్టలో రాయి వేసినట్టయింది. రెండో చక్రానికి కాస్త బలం చేరింది. తేలిన చక్రం కింద పిల్లలూ ఆయనా రాళ్ళు పేర్చారు. ఆరోసారికి బండి కదిలింది. కొత్త బండ్లలో ఇదే పని కంప్యూటరు చేస్తుంది: జారే చక్రాన్ని తనంతట తానే బ్రేకు వేసి పట్టుకొంటుంది. 2012 మోడలు నుంచి ఈ దేశంలో కార్లన్నిటికీ, చిన్న ట్రక్కులకూ స్థిరత్వం కాపాడే బ్రేకు ఏర్పాటు తప్పనిసరి అయింది గనుక, అటువంటి బండి ఉన్నవాళ్ళు ముందు దానితోనే ఒకటి రెండుసార్లు వెళ్ళిచూసి, తరువాత లాకరు మాట ఎత్తడం మంచిది. మాది అంతకు ముందుది.

ఇంటికి వచ్చాక మేము లాకర్ల శాస్త్రంలో పడ్డాం. అన్నిటికంటే చౌక, లోపలి గేర్లను వెల్డింగు చేసి రెండు చక్రాలనూ శాశ్వతంగా కలిపెయ్యడం. పందెపు బండ్లకు సరే. మలుపు మలుపుకూ ఆ 31 అడుగుల లెక్క టైర్ల మీద రాసుకుపోతుంది.

తరువాతిది పరిమితంగా జారనిచ్చే డిఫరెన్షియల్, లిమిటెడ్ స్లిప్ అంటారు. కొన్నింటిలో క్లచ్చు పలకలు ఉంటాయి. అవి కాలక్రమేణా అరుగుతాయి, నూనెలో వేరే మందు కలపవలసి వస్తుంది. టోర్సెన్ అనేదానిలో పలకలు లేవు, అన్నీ గేర్లే. పట్టు తక్కువ ఉన్న చక్రం పుచ్చుకొన్న బలానికి రెండు మూడు రెట్లు రెండోదానికి పంపుతుంది. వానకూ మంచుకూ చాలా బాగుంటుంది. కాని సున్నాకు మూడు రెట్లు సున్నాయే కదా! చక్రం గాలిలో తేలితే, మళ్ళీ హాండు బ్రేకు లాగుకోవలసిందే. మోయాబ్ వాగుకు ఇది పూర్తి జవాబు కాదు.

అప్పుడిక అసలు లాకర్లు. వీటిలో రెండు కులాలు. ఒకటి తనంతట తాను పట్టేది, రెండోది మీట నొక్కితే పట్టేది.

తనంతట తాను పట్టేవాటిలో డెట్రాయిట్ లాకరు పాతకాపు, 1940ల నుంచి ఉన్నది. గాసు ఇస్తే రెండు చక్రాలూ ఒకటే. మలుపులో బయటి చక్రం ముందుకు పరుగెత్తబోతే దానిని వదిలిపెడుతుంది, కటకట చప్పుడు చేస్తూ. దీని చిన్న తమ్ముళ్ళు కొన్ని ఉన్నాయి. ఉన్న డబ్బాలోనే చిన్న గేర్లు తీసి వాటి స్థానంలో ఇమిడ్చేవి. మూడు నాలుగు వందల డాలర్ల సరుకు, చేతిలో కాస్త పని ఉన్నవాళ్ళు ఇంటి గరాజులో శనివారం నాడు పెట్టుకోవచ్చు. వైర్లు లేవు, గొట్టాలు లేవు, చెడేది తక్కువ. మా మనసు దీనిమీదే పడింది. చౌకబేరం ఒక కారణం. మరచిపోయి నొక్కకపోయే ప్రమాదం లేదు గదా అన్నది రెండో కారణం. కాగితం మీద లెక్కవేసి మా శ్రీమతికి చూపించాం.

ఆవిడ కాగితం చూడలేదు. "ఈ బండి ఏడాదిలో ఎన్ని రోజులు కొండెక్కుతుంది?" అన్నది.

నాలుగు, మహా అయితే ఆరు అన్నాం.

"మిగతా రోజులు ఎవరు నడుపుతారు?"

ఆవిడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరు. జనవరిలో తెల్లవారుజామున కొండమలుపుల దారిని, రోడ్డుమీద నల్లమంచు పేరుకొన్నప్పుడు, ఇంటికి వచ్చేది ఈ బండిలోనే. చిన్న కారును మంచులో తియ్యవద్దని చెప్పి, ఈ బండి కొనిపించినదీ మేమే. ఆ ప్రశ్నకు మా లెక్కలో గడి లేదు.

మంచుమీద మామూలు డిఫరెన్షియల్‌తో గాసు ఎక్కువైతే ఒక వెనక చక్రం ఊరికే తిరుగుతుంది. బండి ముందుకు పోదు, కాని తిరగని రెండో చక్రం నేలను పట్టుకొని తోక పక్కకు జారకుండా ఆపుతుంది. తనంతట తాను పట్టే లాకరు ఉంటే, రెండు చక్రాలూ ఒక్కసారే పట్టు వదులుతాయి. ఇక పక్కకు ఆపే దిక్కు లేదు, బండి వెనకభాగం మలుపు బయటికి తిరుగుతుంది. బండి పొట్టిదైతే మరీ త్వరగా తిరుగుతుంది. అలవాటుపడిన చేతులు దీన్ని సర్దుకొంటాయి. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చే మనిషిని, ఇంటాయన సరదాకు పెట్టించిన యంత్రంతో సర్దుకొమ్మని ఏ మొహంతో అడుగుతాం? ఆరిజోనా, దక్షిణ టెక్సాసు వైపు ఉన్న మిత్రులకు ఈ బెడద పెద్దగా ఉండదు. డెట్రాయిటు లాకరుతోనే రోజూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. అక్కడుంటే మేమూ అదే కొని ఉండేవాళ్ళం.

అందుచేత మీట నొక్కేదానికి దిగాం. నొక్కనంతసేపూ అది మామూలు డిఫరెన్షియల్. నొక్కితే పూర్తి తాళం. కొన్ని కరెంటుతో పనిచేస్తాయి, ఈటన్‌వారిది అటువంటిది. కొన్నింటికి తీగ లాగాలి. ఆస్ట్రేలియాలో 1975లో పుట్టిన ఏ.ఆర్.బి. కంపెనీది గాలితో పనిచేస్తుంది: చిన్న కంప్రెసరు, సన్నటి గొట్టం, డాష్‌బోర్డు మీద మీట. కొన్ని బండ్లకు ఫాక్టరీలోనే వస్తున్నాయి. 2003లో వచ్చిన జీపు రాంగ్లర్ రూబికాన్‌కు ముందు వెనకా రెండింటికీ ఉన్నాయి. బండే మార్చే ఆలోచన ఉన్నవాళ్ళకు అది లాభసాటి. గాలిదానికి గొట్టం కారితే తాళం పట్టదు, కరెంటుదానికి ఆ గొడవ లేదు. అయినా మేము గాలిదే తీసుకొన్నాం. రాతిబాట మీద పట్టుకోసం టైర్లలో గాలి తగ్గించి వెళ్ళి, తిరిగివచ్చేటప్పుడు మళ్ళీ నింపాలి; ఆ కంప్రెసరే ఆ పనీ చేస్తుంది.

ముందు ఇరుసుకు కూడానా? వద్దనుకొన్నాం. ఎక్కుడులో బరువంతా వెనక చక్రాల మీదికి వస్తుంది, వెనకది ఒక్కటున్నా మా వాగులోంచి రాళ్ళు పేర్చకుండానే వచ్చేవాళ్ళం. ముందుదానికి తాళం వేస్తే స్టీరింగు మొండికేస్తుంది, చక్రం తిప్పి గట్టిగా గాసు ఇస్తే ఇరుసు కీళ్ళు విరిగే ప్రమాదమూ ఉన్నది.

ఇక మా తెలివితక్కువ ఒకటి చెప్పి ముగిస్తాం. లాకరు బండి పేరునుబట్టి కొనేది కాదు, ఇరుసునుబట్టి కొనేది. ఇరుసు రకం, దాని కొసన ఉండే గాడుల లెక్క, గేర్ల నిష్పత్తి, మూడూ కలవాలి. మాది పాతకాలపు డానా 44. వీటిలో 3.73, అంతకు తక్కువ నిష్పత్తులకు ఒక డబ్బా, 3.92, ఆపైన వాటికి వేరే డబ్బా. బండితో వచ్చిన పుస్తకం చూసి 3.73 అని ఆర్డరిచ్చాం. మూత విప్పి చూస్తే పెద్ద చక్రానికి 41 పళ్ళు, చిన్నదానికి 10. అంటే 4.10. మాకంటే ముందు ఆ బండి ఉంచుకొన్న మహానుభావుడు గేర్లు మార్చేశాడన్నమాట. సరుకు వెనక్కి పంపి, వేరేది తెప్పించి, బిగించిన కూలితో సహా రెండు వేల డాలర్లు దాటింది. మూత విప్పి పళ్ళు లెక్కపెట్టాకే ఆర్డరివ్వండి. బిగింపు మాత్రం సొంతంగా చెయ్యబోకండి. పళ్ళ మధ్య సందు వెంట్రుకవాసి తేడా వస్తే గేర్లు కూతపెడతాయి.

సంక్రాంతినాడు మామగారికి ఫోను చేసి లాకు పెట్టించామని చెప్పాం. "పెడలా, మీటా?" అన్నారు. మీట అన్నాం. "చక్రం తిరుగుతుండగా వెయ్యకండి, ఆగాక వెయ్యండి. మలుపులో తీసెయ్యమని అమ్మాయికి చెప్పండి" అన్నారు. అమ్మాయి ఇంతవరకు దాన్ని ముట్టుకోలేదు. ప్రస్తుతానికి కంప్రెసరుతో పిల్లల సైకిళ్ళకు గాలి కొడుతున్నాం.

వచ్చే నెల ఆదాయప్పన్ను, తప్పకుండా.