పక్క గడప పరిచర్య



అమెరికా నుండి ఓడ మీద వచ్చిన డాక్టరు జేకబ్ చాంబర్లేన్ గారు 1863లో ఆర్కాటు మిషను తరపున మదనపల్లెలో పరిచర్య ప్రారంభించారు. అదే సంవత్సరము హైదరాబాదు మీదుగా గోదావరి అడవుల వరకు దాదాపు 1,200 మైళ్ల సువార్త ప్రయాణము చేశారు. అయితే అట్టి ప్రయాణములు ఎన్నిసార్లు? మిగిలిన దినములన్నీ తెలుగు నేర్చుకొనుటలో, రోగులకు మందిచ్చుటలో, తెలుగు బైబిలు సవరణకై ఒక్కొక్క మాట తూచుటలో గడిచినవి. 1908లో మదనపల్లెలోనే ఆయన ప్రభువునందు నిద్రించారు.

మిషనరీ అనగానే మేమును దూరము వెళ్లినవారినే తలంచేవారము. పోయిన పంటకాలములో కయ్య గట్టు విషయమై పక్కింటివారితో మాటపట్టింపు వచ్చి, మూడు నెలలు పలకరింపు లేదు. దూరదేశముల సువార్త కొరకు మాత్రము ప్రతి రాత్రి ప్రార్థించాము! ఒక రాత్రి మా చిన్నవాడు, "పక్కింటి తాత కోసం ఎందుకు ప్రార్థన చేయము నాయనా?" అని అడిగాడు. మాకు నోట మాట రాలేదు.

తెల్లవారి వెళ్లి, తొందరపడినది మేమేనని ఒప్పుకొన్నాము. ఆ పెద్దాయన వెంటనే కరుగలేదు. మరునాడు మరల పలకరించాము. ఆ మరునాడు కూడా. ఇప్పుడు నీళ్ల వంతు రాగానే ఆయనే కేక వేసి పిలుస్తాడు.

చాంబర్లేన్ గారు పరాయి భాష కష్టపడి నేర్చారు. పొరుగువాని భాష మనకు పుట్టుకతోనే వచ్చును, మాట్లాడుటయే కరవైనది. కొంచెములో నమ్మకముగా ఉండుడని ప్రభువు నేర్పలేదా? (లూకా 16:10) ఈ నెల మీరు తొక్కవలసిన గడప ఏది? కుటుంబ ప్రార్థనలో అడిగి తెలుసుకొనుడి.