చెయ్యి మంచిది కాదట!

"మీ చెయ్యి చాలా మంచిదండీ! ఏ కొమ్మ గుచ్చినా ఇట్టే బతికేస్తుంది!"

పోయిన వారం పేరంటానికి వచ్చిన పక్కవాటా ఆవిడ మా బాల్కనీలో నిలబడి, బిగోనియా కుండీల వంక చూస్తూ అన్న మాట ఇది. మెచ్చుకోలుగానే అంది పాపం. నేనూ నలుగురిలాగే నవ్వేసి, తాంబూలంతోపాటు ఒక ఆకు కోసి చేతిలో పెట్టి పంపిస్తే సరిపోయేది. కానీ నా నోరు వూరుకోలేదు.

"చెయ్యి మంచిదేమిటండీ! కుండీ అడుగున చిల్లు వుంది, అదీ మంచిది!" అనేశాను.

ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, ఆకు అడగకుండానే వెళ్ళిపోయింది. అప్పటినుంచీ నా మనసు పీకుతూనే వుంది. ఆవిడకి సంజాయిషీ చెప్పుకోవడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాననుకోండి.

పొగిడితే కోపమెందుకంటారా? ఒక చెయ్యి మంచిదని ఒప్పుకున్న మరుక్షణం ఇంకో చెయ్యి మంచిది కాదని ఒప్పుకున్నట్టేగా! ఆ రెండో చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. మా పిన్నిది.

మా పిన్నిది రాజమండ్రి. ఆవిడకి ముప్ఫై నాలుగేళ్ళప్పుడే బాబాయి పోయాడు. బి.ఏ. చదివిన మూడేళ్ళూ నేను ఆవిడ దగ్గరే వున్నాను. పెరట్లో నూతి పక్కన, ఎండ పడని చోట ఆవిడ పెంచిన బిగోనియాలు చూసి తీరాలి. వెండి పూత పూసినట్టు కొన్ని, వంకాయ రంగులో కొన్ని. కడియం నర్సరీలో కొన్న రెండే రెండు మొక్కలు! వాటి ఆకులు గుచ్చి గుచ్చి ఇరవై కుండీలు చేసింది. ఆ చెయ్యి మంచిది కాదట!

ఎలా తేల్చారంటే, వినండి. 2001 మే నెలలో నాగపూర్ లో వుండే మా పెద్దమ్మ, "నీ బిగోనియా ఆకులు నాలుగు పోస్టులో పంపవే" అని వుత్తరం రాసింది. పిన్ని సంతోషం చెప్పలేను. తెల్లవారకుండానే లేచి, "దారిలో దాహమేస్తుందే పాపం" అంటూ కుండీల నిండా నీళ్ళు పోసింది. లేత ఆకులు ఏరి కోసింది. దూది నీళ్ళలో ముంచి, కారుతూ వుండగానే ఆకుల చుట్టూ కప్పింది. దానిమీద పాలిథిన్ సంచీ, గాలి చొరబడకుండా మూడు రబ్బరు బాండ్లు. మిఠాయి డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి, కుట్టి, శనివారం మధ్యాహ్నం పోస్టాఫీసులో ఇచ్చి వచ్చింది. పసిపిల్లకి పాలు పట్టి నిద్రపుచ్చినట్టు చేసిందావిడ ఆ పని. నేను పక్కనే వున్నాను.

ఆరు రోజులకి చేరింది. "పంపింది ఆకులా, ఆకు పచ్చడా?" అని పెద్దమ్మ జవాబు. పిన్ని ఇంకోసారి పంపింది, ఇంకొంచెం ఎక్కువ తడిపి. మళ్ళీ పచ్చడే. మూడోసారి పెద్దమ్మ పిన్నికి రాయలేదు, మా అమ్మకి రాసింది. "దాని చెయ్యి మంచిది కాదే. ఇంక అవేం బతుకుతాయి?" అని.

ఆ "ఇంక" అన్న మాటలో ఏం దాగి వుందో ఆడవాళ్ళకి విడమరిచి చెప్పనక్కరలేదు. మొగుణ్ణి నిలుపుకోలేని చెయ్యి మొక్కని నిలుపుతుందా అని!

ఆ మాటకి మాత్రం ఏ పార్సెలూ అక్కరలేకపోయింది. చుట్టాలందరికీ చక్కగా, చెక్కు చెదరకుండా చేరింది. మరుసటి ఏడు మా కజిన్ గృహప్రవేశానికి పిన్ని తులసి మొక్క తీసుకువెళ్ళింది. రెండు చేతులా అందుకున్నారు. అందుకుని, వెనకవైపు నీళ్ళ తొట్టె పక్కన పెట్టారు. కోటలోకి వేరే ఎవరో తెచ్చిన తులసి వెళ్ళింది. పిన్ని చూసింది. ఏమీ అనలేదు. ఆ రోజునుంచి ఎవరికీ మొక్క ఇవ్వలేదు. ఎవరైనా అడిగితే, "నా చెయ్యి మంచిది కాదమ్మా, మీరే కోసుకోండి" అనేది. ఆవిడ నోటితో ఆవిడే! వాళ్ళన్నది ఎప్పుడో క్షమించాను గానీ, ఆవిడ చేత అనిపించింది మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

సరే, ఆ ఆకులు ఎందుకు చచ్చినట్టు? కోసిన ఆకు ఇంకా ప్రాణమున్నదే. దానికి గాలి కావాలి. వేళ్ళు లేని ఆకుని నీళ్ళలో నానబెట్టినంత మాత్రాన అది తాగదు, నానుతుందంతే. చుట్టూ తడి, పైన పాలిథిన్, బయట మే నెల ఎండ, పోస్టు సంచీలో ఆరు రోజులు. బూజుకీ, కుళ్ళు తెచ్చే సూక్ష్మజీవులకీ అంతకంటే పెద్ద పేరంటం ఏముంటుంది? పిన్ని ఆకుల్ని చంపింది దురదృష్టం కాదు, ప్రేమ. ఎక్కువైన ప్రేమ. దాహం వేస్తుందని కుండలతో పోసే ప్రేమ.

నమ్మరా? నేను చేసి చూశాను. కొన్నేళ్ళ క్రితం ఒకే బిగోనియానుంచి ఒకే రోజు ఎనిమిది ఆకులు కోసి, హైదరాబాద్ నుంచి విజయవాడలో వున్న స్నేహితురాలికి రెండు పెట్టెలు పంపాను. ఒకటి పిన్ని పద్ధతిలో, తడిపి, బిగించి. రెండోది పొడిగా. వారం తరవాత ఫోన్ చేసింది. మొదటి పెట్టె తెరిస్తే కంపు, రెండో పెట్టెలో నాలుగాకులూ గట్టిగా వున్నాయి. కట్టిన చెయ్యి ఒకటే! ఆ నాలుగు రోజుల్లో నా చెయ్యి మంచిదయిందా, చెడ్డదయిందా, చెప్పండి!

కాబట్టి ఆకు పంపదలుచుకున్న ప్రతి ఇల్లాలూ పంచాంగం అక్కడ పెట్టి, ఈ నాలుగు మాటలూ గుర్తుపెట్టుకుంటే చాలు. కొయ్యడానికి రెండు రోజుల ముందునుంచీ మొక్కకి నీళ్ళు తగ్గించండి. మరీ లేతదీ, మరీ ముదురుదీ కాకుండా నడికారు ఆకు చూసి కోయండి. పిండినల్లి పట్టిన ఆకు పంపనే పంపకండి. బిగోనియా, ఆఫ్రికన్ వయొలెట్ లాంటివయితే తొడిమ కొసకి మాత్రమే, తడిపి గట్టిగా పిండేసిన కాగితం ముక్క చుట్టి, ఆ కాస్తకే పాలిథిన్ కట్టండి. ఆకు ఒళ్ళు పొడిగా వుండాలి. స్నేక్ ప్లాంట్, జేడ్, రణపాల లాంటి దళసరి ఆకులకి ఆ తడి కూడా అక్కరలేదు. కోసిన చోటు నీడలో ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పొడి కాగితంలో చుట్టి పంపండి. స్నేక్ ప్లాంట్ ఆకు ముక్కలు చేస్తే కింది వైపు ఏదో గుర్తు పెట్టండి, తలకిందులుగా పాతితే వేళ్ళు రావు. మనీప్లాంటుకి కణుపు తప్పనిసరి. ఒట్టి ఆకుకి వేళ్ళు రావచ్చు గానీ తీగ రాదు.

వేళ్ళున్న మొక్క అయితే కుండీలోంచి తీసి, వేళ్ళకి తడి కాగితం, దానిమీద సంచీ, కాండం మొదట్లో ముడి. పైన ఆకుల్ని కలిపి శనగల పొట్లంలాగా పొడి కాగితం చుట్టండి. అట్టపెట్టెలో పడుకోబెట్టి, ఖాళీలన్నీ నలిపిన న్యూస్ పేపరుతో నింపండి. పెట్టె మూసి, చెవి దగ్గర పెట్టుకుని వూపండి. లోపల ఏదయినా కదిలిందా, మళ్ళీ విప్పండి! సోమవారం పోస్టు చేస్తే ఆదివారం ఎక్కడో గోదాములో మగ్గదు. ఏప్రిల్, మే నెలల్లో అసలు పంపకండి. అందుకున్నవాళ్ళు కూడా "అయ్యో ఎంత అలిసిపోయిందో" అని చెంబుడు నీళ్ళు పొయ్యకుండా, ఎండలో పెట్టకుండా, నాలుగు రోజులు నీడన వుంచితే చాలు.

ఇందులో చెయ్యి ఎక్కడుంది? వున్నదల్లా బుద్ధి, కాస్త వోపిక.

మనీప్లాంటు దొంగిలించి తెస్తేనే బతుకుతుందని ఇంకో మాట వుంది కదా. బతకదూ మరి! దొంగిలించిన కొమ్మని ఎవరూ దూదిలో తడపరు, పాలిథిన్లో బిగించరు. చీర కొంగున దాచి పది నిమిషాల్లో ఇంటికి తెచ్చి నీళ్ళ సీసాలో పెడతారు. మహిమ దొంగతనానిది కాదు, దగ్గర దారిది.

లండన్ లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు వుండేవాడు. 1829లో ఆయన మూత బిగించిన గాజు సీసాలో, తడి మట్టిలో ఒక పురుగు గూడు పెట్టుకుంటే, ఆ మట్టిలోంచి ఫెర్న్ మొక్క మొలిచింది. దాన్ని చూసి గాజుపెట్టెలు చేయించి, 1833లో మొక్కలు పెట్టి ఓడమీద ఆస్ట్రేలియాలోని సిడ్నీకి పంపాడు. అంతకు ముందు ఉప్పు గాలికి చచ్చిపోయే మొక్కలు, నెలల ప్రయాణం చేసి పచ్చగా దిగాయి. తరవాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనానుంచి వేలకొద్దీ తేయాకు మొక్కల్ని మన దేశానికి చేర్చింది ఆ రకం పెట్టెల్లోనే. "మరి ఆ పెట్టెలో తడి వుందిగా!" అంటారేమో. వుంది. దాంతోపాటు మట్టీ, వేళ్ళూ, గాజులోంచి వెలుతురూ వున్నాయి. మన అట్టపెట్టెలో చీకటి తప్ప ఏముంది? నేను చెప్పొచ్చేదేమిటంటే, ఆ డాక్టరు చెయ్యి మంచిదని ఎవరూ అనలేదు. పెట్టె మంచిదన్నారు. మగవాడు చేస్తే పద్ధతి, ఆడది చేస్తే జాతకమా?

"ఇంత తంటా ఎందుకు, వంద పారేస్తే నర్సరీలో మొక్క రాదా?" అంటారు మావారు. వస్తుంది. కానీ అది మొక్క. పోస్టులో వచ్చేది మా అమ్మమ్మ పెరడు. అమ్మమ్మ పోయి, ఆ ఇల్లు అమ్మేసి, పెరట్లో అపార్టుమెంటు లేచాక కూడా, ఆవిడ నందివర్ధనం మా ఆడపిల్లల నలుగురి ఇళ్ళలో పూస్తోంది. ఆస్తి పంపకాల్లో మాకు కాగితమ్మీద ఏం రాశారో అడగకండి. కొమ్మలు మాత్రం వచ్చాయి.

కొమ్మతోపాటు చెడు ప్రయాణం చెయ్యదని కూడా నేననను. చేస్తుంది. పురుగు వెళుతుంది, దాని గుడ్డు వెళుతుంది, తెగులు వెళుతుంది. అమెరికాలో వున్న కూతురికి కరివేపాకు మొక్క సూట్ కేసులో దాచి తీసుకువెళ్ళే తల్లులకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను, వద్దమ్మా! కరివేపాకు మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ, నిమ్మ జాతులకి గ్రీనింగ్ అనే తెగులు మోసుకుపోతుంది. 2005లో ఫ్లారిడాలో ఆ తెగులు బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు దారుణంగా దెబ్బతిన్నాయి. అందుకే అక్కడ అన్ని ఆంక్షలు. అది చాదస్తం కాదు, కంటికి కనిపించే కారణం వున్న జాగ్రత్త. భూతద్దం పెట్టి చూస్తే ఆకుమీద పురుగు కనిపిస్తుంది. వైధవ్యం కనిపించిందని చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు!

పోయిన సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళినప్పుడు పిన్నిని కూర్చోబెట్టాను. "నాగపూర్ వదినకి ఆకులు పంపాలి, కట్టు" అన్నాను.

"నా చెయ్యి వద్దే, నువ్వు కట్టు" అంది.

"నీ చెయ్యే కావాలి" అని నా రెండు చేతులూ వెనక్కి పెట్టుకు కూర్చున్నాను. నేను చెబుతూంటే ఆవిడే కోసింది, ఆవిడే చుట్టింది. తొడిమకి కాగితం చుట్టేటప్పుడు "ఇంకొంచెం తడపనా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వద్దన్నాను. ఆరాకులు, పండగ వెళ్ళాక సోమవారం స్పీడ్ పోస్టు.

రెండు నెలలకి వదిన ఫోన్లో ఫొటో పంపింది. ఆరింటిలో నాలుగు ఆకుల మొదళ్ళలో, చిటికెన వేలి గోరంతేసి పిల్ల మొక్కలు! మా పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని కుండీలన్నీ పరీక్షగా చూసి, ఏమందో తెలుసా?

"ఈ మధ్య పోస్టువాళ్ళు బాగానే పనిచేస్తున్నారే!" అందిట.

ఫోన్లో ఆ మాట చెబితే పిన్ని ఎంత నవ్విందో! ఆ నవ్వయ్యాక నిన్న నేను పక్కవాటా ఆవిడ సంగతి చెప్పాను. కాస్సేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఆవిడకి ఆకు నేను పంపనా?" అంది. ఇరవై నాలుగేళ్ళ తరవాత తనంతట తాను అడిగిన మొదటిమాట అది.

అందుకని, పక్కవాటా పిన్నిగారూ, మీకు రాజమండ్రినుంచి పార్సెలు వస్తుంది. ఎండలు ముదరకముందే, సోమవారం కట్టిస్తాను. తెరిచి నీడన పెట్టండి, నీళ్ళు తక్కువ పొయ్యండి. అది చిగురిస్తే "మీ పిన్ని చెయ్యి మంచిదండీ" అని మాత్రం అనకండి.

"బాగా కట్టారు" అనండి, చాలు.