కార్ఖానా నుంచి కళాశాలకు

హైదరాబాద్ పాతబస్తీలోని ఇరుకు గదుల్లో నేటికీ కార్‌చోబ్ చట్రాల చుట్టూ జర్దోజీ కారిగర్లు కూర్చుని కనిపిస్తారు. ఖాకా కాగితం మీది గీతల వెంట సూదితో రంధ్రాలు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన సుద్దపొడిని అద్ది, నమూనాను వస్త్రం మీదికి దించడం వారి నిత్యకృత్యం. ఫ్యాషన్ విద్యార్థి అదే పనిని కొద్ది గంటల ప్రాక్టికల్‌గా నేర్చుకుంటాడు. అతనికి పట్టా దక్కుతుంది. జీవితమంతా ఆ పనిలోనే గడిపిన కారిగర్‌కు కూలి తప్ప మరో గుర్తింపు దక్కదు. ఇది మన విద్యాహక్కుతో ముడిపడిన ప్రశ్న అని మేము భావిస్తున్నాం.

మష్రూ వస్త్రాన్నే చూడండి. పైకి పట్టు మెరుస్తుంది, ఒంటికి నూలు తగులుతుంది. పట్టు చర్మానికి నేరుగా తాకదు గనుకనే, అనుమతి ఉన్నది అనే అర్థమిచ్చే ఆ పేరు దానికి వచ్చింది. పట్టు పడుగు, నూలు పేక కలిసే తీరును పుస్తకం చెప్పగలదు. పోగు ఎంత బిగువుగా ఉండాలో మగ్గం ముందు కూర్చున్నవారికే తెలుస్తుంది. మష్రూ, హిమ్రూ నేతలను హైదరాబాద్‌లో నిలబెట్టిన సురైయా హసన్ బోస్ ఈ సత్యాన్ని గ్రహించారు. భర్తను కోల్పోయిన స్త్రీలకు మగ్గం నేర్పి ఉపాధి చూపారు, కార్ఖానాతో పాటు పాఠశాలనూ నడిపారు. 2021లో ఆమె కన్నుమూశారు. చేతిపనిని, చదువును విడదీయని ఆ దృష్టి మన విశ్వవిద్యాలయాలకు నేడు అవసరం.

డిగ్రీ లేనివారు బోధించరాదన్న అడ్డంకి ఇప్పుడు కొంత తొలగింది. వృత్తి నైపుణ్యం, అనుభవం ఉన్నవారిని డిగ్రీలతో నిమిత్తం లేకుండా ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని యూజీసీ 2022లో మార్గదర్శకాలిచ్చింది. స్థానిక కళాకారులను, చేతివృత్తి నిపుణులను విద్యాసంస్థలతో అనుసంధానించేందుకు 2023లో మరికొన్ని రూపొందించింది. ఇవి కాగితాలకే పరిమితం కారాదు. కారిగర్‌ను ఒకరోజు ప్రదర్శనకు పిలిచి, శాలువా కప్పి పంపించివేయడం బోధన అనిపించుకోదు. పూర్తి సెమిస్టరు పాఠం, గౌరవప్రదమైన వేతనం, విద్యార్థి పనికి మార్కులు వేసే అధికారం అతనికి దక్కాలి.

రెండో వైపు ద్వారం కూడా తెరుచుకోవాలి. ముస్లిం శ్రామికులు అధికంగా స్వయం ఉపాధిపైనే ఆధారపడి ఉన్నారని సచార్ కమిటీ 2006లోనే నివేదించింది. మైనారిటీ మహిళలకు కుట్టుమిషన్లు పంచడంతో ప్రభుత్వాల బాధ్యత తీరిపోదు. మిషన్ కుట్టుకూలి ఇస్తుంది. అద్దకాల రసాయనశాస్త్రం, కొలతల గణితం, ధర నిర్ణయం, మార్కెట్ పరిజ్ఞానం ఉన్నత విద్య ఇస్తుంది. ఆ రెండూ ఉన్న అమ్మాయి కూలి దగ్గర ఆగిపోదు, తన పనికి తానే ధర చెబుతుంది.

హైదరాబాద్‌లో నిఫ్ట్ 1995 నుంచి ఉంది. నిఫ్ట్ ప్రవేశాల్లో చేతివృత్తుల వారికి, వారి పిల్లలకు ప్రత్యేక విభాగమూ ఉంది. అందుకు హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం జారీచేసే కారిగర్ గుర్తింపు కార్డు వంటి ఆధారం కావాలి. మన కార్ఖానాల్లో ఆ కార్డు ఎందరి చేతుల్లో ఉంది? ఇంటి పట్టునే మగ్గం వర్క్ చేసే స్త్రీలలో ఎందరు తమను కారిగర్లుగా నమోదు చేయించుకున్నారు? మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు వాడవాడలా కూర్చుని ఈ దరఖాస్తులు నింపించాలని, ప్రవేశ పరీక్షకు పిల్లలను సిద్ధం చేయాలని కోరుతున్నాం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆడపిల్లకు టైలరింగ్ వస్తే చాలులే అనే మాటతో ఆమె చదువును ముగించకండి. ఆ టైలరింగే ఆమె చదువుకు పునాది కాగలదు. విశ్వవిద్యాలయాలను మనం అడగవలసింది దయాదాక్షిణ్యం కాదు. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న విద్యకు విద్యగా గుర్తింపు ఇవ్వమని మాత్రమే అడుగుతున్నాం.