సొంత ఇంటికి పరాయివారు



కోవిడ్ మహమ్మారి కాలంలో ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాల్లో కొన్ని మంచివి, కొన్ని అనివార్యమైనవి. మరికొన్ని మాత్రం వైద్యశాస్త్రం పేరు చెప్పుకొని చేసిన అవైద్య చర్యలు. ఆ మూడవ కోవకు చెందినదాన్ని గురించి ఈరోజు మీతో మాట్లాడదలచాను. అది 2020లో దేశాలు సరిహద్దులు మూసిన తీరు.

మూయడమే తప్పని నేననను. వ్యాధి స్వభావం తెలియనప్పుడు, మందు లేనప్పుడు, ఆసుపత్రుల్లో పడకలు చాలవని భయం ఉన్నప్పుడు, రాకపోకలు తగ్గించి నాలుగు వారాల గడువు సంపాదించుకోవడం వివేకమే. నా అభ్యంతరమంతా ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అని తేల్చిన కొలబద్ద మీద. రోగం అంటించే ప్రమాదం ఎవరివల్ల ఎంత అన్నది చూసి తేల్చవలసిన విషయాన్ని, పాస్‌పోర్టు అట్ట చూసి తేల్చారు. ఆ తీర్పుకు గురై, ఎవరి సానుభూతికీ నోచుకోనివారు ఒకరున్నారు. వారు పరాయి దేశంలో ఇల్లు కొనుక్కొని, శేషజీవితం అక్కడే గడుపుతున్న విశ్రాంత వృద్ధులు.

థాయ్‌లాండ్‌నే తీసుకోండి. చియాంగ్ మై, హువా హిన్, పట్టాయా, ఫుకెట్ వంటి చోట్ల బ్రిటన్, జర్మనీ, నార్వే, అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చి స్థిరపడ్డ వృద్ధులు ఎందరో ఉన్నారు. వారిని రమ్మని పిలిచింది ఆ దేశమే. యాభై ఏళ్లు నిండినవారికి విశ్రాంత నివాసం పేరిట అనుమతి ఇస్తుంది. అందుకు బ్యాంకులో 8 లక్షల బాత్‌ల నిల్వ గానీ, నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం గానీ చూపాలి. తొంభై రోజులకొకసారి తమ చిరునామా అధికారులకు తెలియజేయాలి. భూమి కొనడానికి విదేశీయులకు సాధారణంగా హక్కు లేదు గానీ, అపార్ట్‌మెంటు భవనాల్లో 49 శాతం విస్తీర్ణం వరకు వారు సొంతం చేసుకోవచ్చు. 2019 అక్టోబరు 31 నుంచి ఒక తరగతి విశ్రాంత వీసాలకు ఆరోగ్య బీమాను కూడా తప్పనిసరి చేశారు. అంటే వీరు ఎక్కడుంటారో, ఎలా బతుకుతారో, జబ్బు చేస్తే ఖర్చెవరు భరిస్తారో, అన్నీ ప్రభుత్వం దగ్గర కాగితం మీద ఉన్నాయి. ఇంతకంటే ఆచూకీ తెలిసిన మనిషి ప్రజారోగ్య శాఖకు ఎక్కడ దొరుకుతాడు?

అయినా ఏం జరిగింది? 2020 మార్చి చివర అక్కడ అత్యవసర పరిస్థితి విధించారు. ఏప్రిల్ 4 నుంచి ప్రయాణికుల విమానాలు దిగడాన్ని నిషేధించారు. పిల్లలను చూడడానికో, ఆప్తుల అంత్యక్రియలకో స్వదేశం వెళ్లినవారు అక్కడే చిక్కుకుపోయారు. జూలై 1 నుంచి కొన్ని వర్గాల విదేశీయులకు తలుపు తెరిచారు. థాయ్ పౌరుల జీవిత భాగస్వాములు, అక్కడ పనిచేయడానికి అనుమతి ఉన్నవారు, విద్యార్థులు, చివరికి వైద్యం చేయించుకోవడానికి డబ్బు తెచ్చే విదేశీ రోగులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. అక్కడే ఇల్లూ వాకిలీ ఉన్న విశ్రాంత వృద్ధుడికి మాత్రం మొదట చోటు దొరకలేదు. ఆ ఏడాది చివరి నెలలదాకా అతడు ఎదురుచూడవలసి వచ్చింది.

ఈలోగా మరో పీట ముడి పడింది. నివాసానుమతిని ఏటేటా పొడిగించుకోవాలి. అది దేశంలో ఉన్నవారికే సాధ్యం. లోనికి రానివ్వరు, వస్తే తప్ప పొడిగించరు. గడువు దాటినవారు మళ్లీ మొదటి మెట్టు నుంచి దరఖాస్తు పెట్టుకోవలసిందే. తాను కట్టిన నిషేధానికి తానే జరిమానా వసూలు చేయడం అంటే ఇదే.

ఇప్పుడు వైద్యుడిగా నా ప్రశ్న. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో ఇద్దరు కూర్చున్నారనుకోండి. ఒకరు థాయ్ పౌరుడు, మరొకరు ఆ దేశంలో పదేళ్లుగా నివసిస్తున్న విదేశీ వృద్ధుడు. ఇద్దరూ బయలుదేరింది ఒకే నగరం నుంచి, పీల్చింది ఒకే గాలి. పౌరుణ్ణి పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉంచి ఇంటికి పంపవచ్చు అన్నప్పుడు, రెండవవాణ్ణి అదే పద్నాలుగు రోజులు ఉంచి పంపడానికి అడ్డేమిటి? మొదటివాడి విషయంలో పనిచేసిన క్వారంటైన్ రెండవవాడి విషయంలో పనిచేయదా? వైరస్‌కు గొంతు కణాలు తెలుసు గానీ, పౌరసత్వ చట్టం తెలియదు.

క్వారంటైన్ అనే ఏర్పాటు పుట్టుకే మనకు పాఠం చెబుతుంది. 1377లో రగూసా అనే రేవు పట్టణం, అంటే నేటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్, ప్లేగు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చేవారు ముప్పై రోజులు ఊరి వెలుపల ఆగి, ఆ తరువాత లోనికి రావాలని శాసించింది. అనంతర కాలంలో ఆ గడువు నలభై రోజులైంది. ఇటాలియన్ భాషలో నలభైకి ఉన్న మాట నుంచే క్వారంటైన్ అన్న పేరు వచ్చింది. ఆ ఊరి పెద్దలు తలుచుకుంటే రేవు పూర్తిగా మూసేయగలిగేవారు. కానీ వర్తకం ఆగితే ఊరు బతకదు, ప్లేగు వస్తే ఊరు మిగలదు. ఆ రెంటి నడుమ దారి వెతికితే దొరికిందే క్వారంటైన్. అది మనుషులను లోనికి తీసుకోవడానికి కనిపెట్టిన సాధనం. సూక్ష్మజీవి అంటే ఏమిటో తెలియని కాలంలో వారికి తోచిన ఉపాయం, ఆర్‌టీ పీసీఆర్ పరీక్ష చేతిలో ఉన్న మనకు తోచకపోవడం విడ్డూరం.

ఇంకొక మాట. సొంత ఇల్లున్న మనిషిని విడిగా ఉంచడం అందరికంటే సులువు. పర్యాటకుడు హోటళ్ళు, బజార్లు తిరుగుతాడు. ఇంటి యజమానికి తన గది, తన స్నానాల గది, తన వంట ఉంటాయి. గ్రామంలో అంటువ్యాధి తలెత్తినప్పుడు మేము వెళ్లి, నీ రేషన్ కార్డు ఏ ఊరిదని అడిగేవాళ్లం కాదు. ఎప్పుడు, ఎవరిని కలిశావు, ఏ నీళ్లు తాగావు, విడిగా పడుకోవడానికి చోటుందా అని అడిగేవాళ్లం. రోగ నివారణలో అడగవలసిన ప్రశ్నలు అవే.

అరవై డెబ్బై ఏళ్లు దాటిన మనిషిని తన ఇంటికి, తన వైద్యుడికి నెలల తరబడి దూరం చేస్తే ఏమవుతుందో సరిహద్దు అధికారి ఆలోచించకపోవచ్చు, మనం ఆలోచించాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే రోగికి తరచూ ఐఎన్ఆర్ పరీక్ష చేసి మోతాదు సరిదిద్దాలి. గ్లకోమా ఉన్నవారు చుక్కల మందు మానేస్తే, పోయిన చూపు తిరిగి రాదు. క్యాన్సర్ చికిత్స తరువాత జరగవలసిన పరీక్షలు ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. వీరి పాత నివేదికలు, మందులు, తమను ఎరిగిన డాక్టరు, అన్నీ సరిహద్దుకు ఆవల ఉన్నాయి. స్వదేశంలో ఉన్నారు కదా అంటారేమో. బ్రిటన్‌లో నివాసం వదులుకున్నవారికి అక్కడి ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రి చికిత్స మామూలుగా ఉచితం కాదు. అమెరికావారికి మెడికేర్ ఉన్నా, అమ్మేసుకున్న ఇల్లు తిరిగి రాదు. బంధువుల ఇంట్లో ముందు గదిలో, సూట్‌కేసు పక్కన పెట్టుకొని, వచ్చే నెల తెరుస్తారట అన్న వార్త కోసం ఎదురుచూసే వృద్ధుడి రక్తపోటు ఎలా ఉంటుందో ఊహించడానికి వైద్య పట్టా అక్కరలేదు.

దీనికి చెప్పే సమాధానాలు మూడు. మొదటిది, వారు అతిథులు, ఎప్పుడైనా పొమ్మనే హక్కు ఆ దేశానికుంది అన్నది. చట్టరీత్యా నిజమే. ఇంటి దస్తావేజు వేరు, ప్రవేశ హక్కు వేరు. అయితే పెట్టుబడి పుచ్చుకునేటప్పుడు నివాసి అనీ, కష్టం వచ్చినప్పుడు అతిథి అనీ పిలవడం ఏ మర్యాద? ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1999లో ఇచ్చిన వ్యాఖ్యానంలో, తన సొంత దేశం అనే మాటకు పౌరసత్వం ఉన్న దేశమనే కాక, మరింత విశాలమైన అర్థం ఉందని చెప్పింది. ఒక దేశంతో ప్రత్యేక బంధం ఉండి, అక్కడ కేవలం పరాయివాడిగా పరిగణించడానికి వీలులేనివాడికి కూడా అది వర్తించవచ్చని భావం.

రెండవది, ఆసుపత్రుల మీద భారం పడుతుంది అన్నది. బీమా తప్పనిసరి చేసింది ఆ భయంతోనే గదా? తరువాత ప్రవేశపత్రం ఇచ్చినప్పుడు లక్ష డాలర్ల బీమా, సొంత ఖర్చుతో పద్నాలుగు రోజుల హోటల్ క్వారంటైన్ షరతులుగా పెట్టారు. ఆ షరతులు జూలైలో కొందరికి సరిపోయి, వీరికి ఎందుకు సరిపోలేదు? 2020లో థాయ్‌లాండ్ కోవిడ్ మరణాలను వందకు లోపే నిలిపింది, అందుకు ఆ దేశాన్ని మెచ్చుకోవాలి. కానీ డిసెంబరులో వ్యాధి పెద్దయెత్తున బయటపడింది ఎక్కడ? సముత్ సాఖోన్‌లోని రొయ్యల మార్కెట్టులో, ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతికే వలస కార్మికుల మధ్య. కాపలా కాయవలసిన చోటు అది.

మూడవది, ఇది డబ్బున్నవారి బాధ, మనకెందుకు అన్నది. రోగి ఆస్తి చూసి నాడి పట్టుకునే వైద్యం మేము నేర్చుకోలేదు. పైగా ఈ బాధ మనదాకా రానే వచ్చింది.

విదేశీ భారతీయ పౌరుల కార్డు, అంటే ఓసీఐ, మొదలైంది మన హైదరాబాదులోనే, 2006 జనవరి ప్రవాసీ భారతీయ దివస్‌లో. జీవితాంతం వీసా లేకుండా వచ్చిపోవచ్చని ఆ కార్డు ఇచ్చిన భరోసా. ఆ భరోసాతో అమెరికా పౌరసత్వం ఉన్న ఎందరో తెలుగువారు ఉద్యోగ విరమణ చేసి హైదరాబాదు, విశాఖ, విజయవాడల్లో ఇళ్లు కొనుక్కొని స్థిరపడ్డారు. 2020 మార్చి 13 నుంచి ఆ సౌకర్యాన్ని నిలిపివేశారు. మే 7న వందే భారత్ విమానాలు మొదలై భారత పౌరులు రాసాగారు. మే 22న ఓసీఐ కార్డుదారుల్లో నాలుగు వర్గాలకు అనుమతి ఇచ్చారు. అందులో ఒకటి, భార్యాభర్తల్లో ఒకరు భారత పౌరులై, ఇక్కడ శాశ్వత నివాసం ఉన్నవారు. మరి ఇద్దరూ ఓసీఐలే అయితే? అదే ఇల్లు, అదే వయసు, అదే విమానం, కానీ కుటుంబంలో మరణం వంటి అత్యవసరం ఉంటే తప్ప ప్రవేశం లేదు. చావు వస్తే రావచ్చు, బతకడానికి రాకూడదు అన్నట్లయింది. క్రమంగా సడలిస్తూ, అక్టోబరు 21న గానీ అందరికీ తలుపు తెరవలేదు.

పాస్‌పోర్టు చూడడం అలవాటైన కన్ను, అక్కడితో ఆగదు. ఆపై చిరునామా చూస్తుంది. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు వస్తున్న రోగుల అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఆంక్షలపై తెలంగాణ హైకోర్టు మే 14న స్టే ఇచ్చింది. ఒకే దేశంలో, ఒకే భాష మాట్లాడేవారి మధ్యనే ఇది జరిగితే, పరాయి దేశపు వృద్ధుడికి దిక్కెవరు?

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2005లోనే వచ్చాయి. ఆరోగ్య చర్యలు వివక్ష లేకుండా అమలు కావాలని 42వ అధికరణం, అందుబాటులో ఉన్న ఇతర మార్గాల కంటే ప్రయాణాన్ని ఎక్కువగా అడ్డగించరాదని 43వ అధికరణం చెబుతున్నాయి. వాటికి కట్టుబడి ఉండవలసిన దేశాలే వాటిని పక్కన పెట్టాయి. కాబట్టి మనం కోరవలసినవి స్పష్టం. నిత్య నివాసం ఉన్నవారిని పౌరులతో సమానంగా క్వారంటైన్ చేసి లోనికి తీసుకోవాలి. చికిత్స మధ్యలో ఉన్నవారికి ముందు అవకాశం ఇవ్వాలి. ప్రభుత్వమే తలుపు మూసిన కాలంలో నివాసానుమతి గడువు మురిగిపోకూడదు. ఇవన్నీ వ్యాధి లేని రోజుల్లోనే రాసిపెట్టుకోవలసిన నియమాలు. భయంలో రాసిన నియమం ఎప్పుడూ బలహీనుడి మీదనే పడుతుంది.

అంతవరకు మీ జాగ్రత్త మీరు తీసుకోండి. రెండు దేశాల మధ్య తిరిగే పెద్దలు మూడు నెలలకు సరిపడా మందులు వెంట ఉంచుకోండి. మందుల బ్రాండు పేర్లు కాక, అసలు పేర్లు రాయించుకోండి. మనం పారాసిటమాల్ అనే మందునే అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. మీ జబ్బు, చేసిన శస్త్రచికిత్సలు, పడని మందులు ఒక కాగితం మీద డాక్టరు చేత రాయించి, ప్రతి ఫోనులోనూ పెట్టుకోండి. ఇంటి తాళం, పాత నివేదికల సంచి ఎక్కడున్నాయో నమ్మకస్తులైన ఒకరికి చెప్పి వెళ్లండి. మీ వీసా ఏ హక్కు ఇస్తుందో, ఏది ఇవ్వదో ఇల్లు కొనే ముందే చదవండి.

ఇవి మీ చేతిలో ఉన్న పనులు. తలుపు తెరవడం మాత్రం ప్రభుత్వాల చేతిలో ఉంది. ఈసారి మహమ్మారి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడే అధికారి, ఏ దేశస్థుడివి అని కాక, ఒంట్లో ఎలా ఉంది, ఎక్కడ ఉంటావు అని అడిగేలా చేయాలంటే, ఆ మాట మనం ఇప్పుడే అడగాలి.