ఆన్‌లైన్ వేలంలో రైతు ‘వద్దు’ అనగలగాలి

యార్డులో ఒకప్పుడు రాశి చుట్టూ ఖరీదుదారులు నిలబడి పాట పాడేవారు. ఎవరెంత అన్నారో రైతు చెవికి వినబడేది. పెబ్బేరు శనివారం సంతలో ఎడ్ల బేరమైతే తువ్వాల కింద వేళ్లు పట్టుకొని నడిచేది. అది గుట్టు బేరమే అయినా, పట్టుకున్న చెయ్యి ఎవరిదో రైతుకు తెలిసేది. ఇప్పుడు గద్వాల, వనపర్తి వంటి యార్డులలో పల్లికాయకు ఆన్‌లైన్‌లో ధర వేస్తున్నారు. ఖరీదుదారు రాశి చూసి, నాలుగు కాయలు ఒలిచి, లాటు నంబరు రాసుకొని పోతాడు. ఆ తర్వాత ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఒక అంకె వేస్తాడు. గడువు ముగిశాక లాటు నంబరు ఎదుట ఒక ధర కనబడుతుంది. ‘ఇంకో యాభై పెంచు సేటూ’ అందామంటే ఎదుట మనిషే ఉండడు.

అందుకే ‘ఆన్‌లైన్ వచ్చినంక బేరమే పోయింది’ అని మన రైతులు అంటున్నారు. ఆ బాధలో నిజం ఉంది. కానీ బేరం పోలేదు, చోటు మారింది. వేలానికి ముందు ఇంటి దగ్గర, కల్లం దగ్గర సగం బేరం జరుగుతుంది. మిగిలిన సగం వేలం ముగిశాక, ఆ ధరకు ఒప్పుకోవాలా వద్దా అన్న ఒక్క క్షణంలో జరుగుతుంది. ఈ రెండు చోట్లా రైతు ఖాళీ చేతులతో ఉంటే కంప్యూటర్ అయినా, నోటి పాట అయినా, తువ్వాల అయినా ఒకటే.

చట్టిచ్చిన హక్కు, వాడని హక్కు

ఈ-నామ్ అనే జాతీయ వ్యవసాయ మార్కెట్‌ను కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న ప్రారంభించింది. మొదట్లో చేరిన రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. అంతకు ముందే, 2014లో, పక్కనున్న కర్ణాటక తన యార్డులను ఇటువంటి పద్ధతిలో కలపడం మొదలుపెట్టింది. అనుకున్నదేమంటే, గద్వాల యార్డులోని రాశికి గద్వాల ఖరీదుదారే కాక బయటి ఊళ్ల, బయటి రాష్ట్రాల వ్యాపారులు కూడా ధర వేస్తారని, పోటీ పెరిగి రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని.

పద్ధతి ఇదీ. గేటు దగ్గర రైతు పేరు, సరుకు, బస్తాల లెక్క రాసి లాటు నంబరు ఇస్తారు. నమూనా తీసి తేమ, నాణ్యత చూడాలి. ఆపైన ఖరీదుదారులు ఒకరి ధర ఒకరికి తెలియకుండా అంకెలు వేస్తారు. ఎక్కువ వేసినవారి ధర బయటపడుతుంది. ఆ ధరకు ఇవ్వాలా వద్దా అన్నది రైతు ఇష్టం. ఒప్పుకున్న తర్వాతే కాంటా, ఆ తర్వాత తక్‌పట్టీ, డబ్బు. వద్దంటే లాటును మళ్లీ వేలానికి పెట్టవచ్చు.

ఈ ‘వద్దు’ అన్నదే ఆన్‌లైన్ వేలంలో రైతుకు మిగిలిన అసలు బేరం. చాలామంది దాన్ని వాడడం లేదు. తెలియక కాదు, వాడే స్తోమత లేక. ‘ఇంటికి తీసుకపోతె బండి కిరాయి మీదవడె’ అని ఒకరు. ‘అడ్తి దుకాణంల బాకీ ఉంది, కాదంటె రేపు విత్తనానికి పైసలెవరిస్తరు’ అని ఇంకొకరు. ‘మొగులైంది, రాత్రి వాన పడితె రాశి ఏమి గావాలె’ అని మరొకరు. ఈ మూడు మాటలూ ఖరీదుదారుకు రైతు కంటే ముందే తెలుసు. వద్దనలేని రైతుకు ధర ఎందుకు పెంచాలి? ఇది కంప్యూటర్ చేసిన అన్యాయం కాదు, కంప్యూటర్ సరిచేయలేని అన్యాయం.

ఒక భ్రమ కూడా తొలగాలి. ఆన్‌లైన్ అంటే మద్దతు ధర గ్యారంటీ అని కొందరు అనుకుంటున్నారు. కాదు. 2025-26కు వేరుశనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. 2024-25లో అది 6,783. ప్రభుత్వ కొనుగోలు కేంద్రం తెరిస్తేనే ఆ ధర చేతికి వస్తుంది. వేలంలో ఖరీదుదారు అంతకు తక్కువ వేయవచ్చు, వేస్తున్నాడు కూడా. మద్దతు ధర మనకు కొలబద్ద మాత్రమే.

కింది ధర ఇంట్లోనే రాసుకోవాలి

ఇంటర్నెట్ వేలాలు ప్రపంచానికి కొత్త కాదు. అమెరికాలో ఈబే అనే సంస్థ 1995లోనే మొదలైంది. పాత గడియారం అమ్ముకునే మనిషి కూడా అక్కడ ముందుగానే ‘ఇంతకు తక్కువైతే ఇవ్వను’ అని ఒక కింది ధర పెట్టుకోవచ్చు. పాట అక్కడికి చేరకపోతే వస్తువు అతని దగ్గరే ఉంటుంది. ఆరు నెలలు కష్టపడి పండించిన పంటకు మనం ఆ పాటి జాగ్రత్త పడకపోతే ఎట్ల?

బండి కట్టే ముందు రాత్రే ఇంట్లో ఆడామగా కూర్చొని కింది ధర తేల్చుకోవాలి. చీటీ మీద రాసుకోవాలి. యార్డుకు పోయినంక తేల్చుకుందామంటే ఆకలి, అలసట, పక్కవాళ్ల మాటలు మన చేత తలూపిస్తాయి.

కింది ధరకు లెక్క ఏమిటి? గత వారం పది రోజుల యార్డు ధరలు చూడాలి. ఈ-నామ్ యాప్ తెలుగులో కూడా ఉంది. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే చూసి చెబుతారు. అందులో కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అని మూడు ఉంటాయి. మన కన్ను గరిష్ఠ ధర మీద పడుతుంది. ‘పల్లికి రికార్డు ధర’ అని పత్రికల్లో వచ్చేది కూడా అదే. కానీ ఆ ధర ఒక్క లాటుకే, అదీ మేలైన పది బస్తాలకే వచ్చి ఉండవచ్చు. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడుపోయిందో అది మోడల్ ధర. మన లెక్క అక్కడ మొదలు కావాలి. మన కాయ సగటు కంటే మంచిదైతే కొంచెం పైకి, తక్కువదైతే కొంచెం కిందికి.

పక్క యార్డులు కూడా చూడాలి. గద్వాల వారికి రాయచూరు, కర్నూలు దూరం కాదు. నాగర్‌కర్నూల్, కల్వకుర్తి వారికి బాదేపల్లి ఉంది. అయితే బోర్డు మీది ధర చూసి బండి కట్టొద్దు. పక్క యార్డులో క్వింటాలుకు 250 ఎక్కువ ఉందనుకోండి. పన్నెండు క్వింటాళ్లకు 3,000 రూపాయలు. అందులోంచి అదనపు బండి కిరాయి, హమాలీ, ఒక దినం కూలి తీసేయండి. మిగిలేది వెయ్యి లోపే అయితే, తెలియని యార్డులో తెలియని కాంటా దగ్గర నిలబడడం ఎందుకు? రెండు వేలు మిగిలితే పోవచ్చు. ఆ లెక్క మన దగ్గర ఉంటే, ఇక్కడ ‘వద్దు’ అనడానికి కూడా ధైర్యం వస్తుంది.

తేమ లెక్క రైతుకూ రావాలి

ధర తగ్గించడానికి ఖరీదుదారు వాడే మొదటి మాట ‘పచ్చిగ ఉంది’. ఈ మాటకు జవాబు నోటితో కాదు, లెక్కతో చెప్పాలి.

పది క్వింటాళ్ల కాయలో తేమ 12 శాతం ఉందనుకుందాం. అంటే నీరు 120 కిలోలు, మిగిలింది 880. ఎండబెట్టి 8 శాతానికి తెస్తే తూకం 956 కిలోల చిల్లరకు వస్తుంది. 44 కిలోల దాకా తగ్గుతుంది. పచ్చికాయకు క్వింటాలుకు 6,000 వస్తే పది క్వింటాళ్లకు 60,000. అదే డబ్బు ఎండుకాయకు రావాలంటే క్వింటాలుకు సుమారు 6,275 పలకాలి. ఎండుకాయకు 6,500 పలికితే ఎండబెట్టినందుకు రెండు వేలకు పైగా లాభం. 6,200 మాత్రమే పలికితే ఏడు వందల దాకా నష్టం. కనుక ఎండబెట్టమని గుడ్డిగా చెప్పడం లేదు. మీ యార్డులో పచ్చికాయకు, ఎండుకాయకు తేడా ఎంత ఉందో చూసుకొని తేల్చుకోండి. ఒకటి మాత్రం మరవొద్దు. కాయ పచ్చిగా బస్తాల్లో ఉంటే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది చేరిన పల్లి ఎగుమతికి పనికిరాదు. రాత్రి యార్డులో నిలపాల్సి వస్తుందనుకునే రైతు, అంటే వద్దనదలచిన రైతు, తప్పకుండా ఎండబెట్టిన కాయతోనే పోవాలి. పచ్చికాయ ఉన్నవాడు రేపటి దాకా ఆగలేడని కొనేవాడికి తెలుసు.

ఇంకొక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. రాశిలో నాలుగు వైపులా కలిపి తీసిన కిలో కాయను ఒలిచి గింజ తూచండి. 650 గ్రాములు వచ్చిందా, 700 వచ్చిందా? ఈ తేడా పది క్వింటాళ్ల మీద 50 కిలోల గింజ. ఖరీదుదారు నాలుగు కాయలు ఒలిచి అంచనా వేసేది ఇదే. మట్టిబెడ్డలు, తాలు కాయ, కట్టెపుల్లలు ఏరేసి పోస్తే ‘తరుగు’ అనే మాటకు సందు తగ్గుతుంది.

ఒక్కడి ఐదు బస్తాలకు పోటీ ఉండదు

చిన్న రైతు ఐదారు బస్తాలు తెస్తాడు. బయటి ఊరి వ్యాపారి ఆ చిన్న లాటు కోసం లారీ పంపడు. దాని మీద ధర వేసేది రోజూ కనబడే నలుగురే. ఆ నలుగురూ పొద్దున చాయ్ దగ్గర మాట్లాడుకుంటే, కంప్యూటర్ ఆ కుదిరిన మాటనే అంకెలుగా చూపిస్తుంది. గుట్టుగా వేసే ధరలలో కుమ్మక్కు కష్టమే కానీ అసాధ్యం కాదు.

దీనికి విరుగుడు కలిసి పోవడమే. ఒకే రకం విత్తనం వేసి, ఒకే వారంలో పీకి, ఒకే తీరుగా ఎండబెట్టిన ఐదారుగురు కలిసి ఒక పెద్ద లాటు చేయవచ్చు. రకాలు కలిపితే మాత్రం మొదటికే మోసం. తక్కువ కాయకు పలికే ధరే అందరికీ వస్తుంది. ఎవరివి ఎన్ని బస్తాలో ముందే తూచి రాసుకోవాలి, లేకుంటే ఊళ్లో తగాదా. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉన్న చోట ఇంకా సులువు. ఇటువంటి సంఘాలు సరుకును యార్డుకు తేకుండానే తమ కేంద్రం నుంచి ఈ-నామ్‌లో వేలానికి పెట్టే వీలు 2020 ఏప్రిల్ నుంచి ఉంది. సరుకు బండి ఎక్కకముందే వద్దనగలిగితే అంతకంటే గట్టి బేరం లేదు.

నిల్వ పెట్టుకునే దారి కూడా ఉంది. మార్కెట్ కమిటీ గిడ్డంగిలో సరుకు పెట్టి దాని విలువలో ముప్పావు వంతు వరకు అప్పు తీసుకునే పథకం ఏళ్ల నుంచి అమలులో ఉంది. దాని పేరూ రైతుబంధే. 2018లో వచ్చిన పెట్టుబడి సాయం పేరు కూడా అదే కావడంతో ఈ పాత పథకం చాలామంది మరచిపోయారు. అడ్తి బాకీలో కొంతైనా దానితో తీర్చి, సరుకును ఆపుకోగలిగిన రైతు మాటకు యార్డులో విలువ వేరు. ఎంత ఇస్తారు, ఏ కాగితాలు కావాలి అన్నది కార్యదర్శిని అడగండి. అడిగేవాళ్లు లేకపోతే ఏ పథకమైనా బీరువాలోనే ఉంటుంది.

మార్కెట్ కమిటీలు చేయాల్సినవి

అంతా రైతే చేసుకోవాలంటే న్యాయం కాదు. బయటి వ్యాపారి మన యార్డులో ధర ఎందుకు వేయడం లేదని అడిగితే, చూడని సరుకును ఎట్ల కొనేదని అంటాడు. అది సబబైన మాట. తేమ, గింజ శాతం యంత్రంతో కొలిచి, లాటు వివరాల్లో చూపితేనే దూరం ఉన్నవాడు నమ్ముతాడు. పరీక్ష లేని ఆన్‌లైన్ వేలం పాత పాటకు కొత్త బోర్డు తగిలించినట్టే.

ఆ పరీక్ష చీటీ వేలానికి ముందే రైతు చేతికి రావాలి. రెండోది, ఫలితం చెప్పేటప్పుడు గెలిచిన ధర ఒక్కటే చెప్పకూడదు. లాటుకు ఎంతమంది ధర వేశారు, రెండో ధర ఎంత అన్నది కూడా రాసి ఇవ్వాలి. ఇద్దరే వేశారా, పన్నెండుగురు వేశారా అని తెలిస్తేనే రైతు ఒప్పుకోవాలో వద్దో ఆలోచిస్తాడు. మూడోది, ధర వద్దన్న రైతు రాశికి ఆ రాత్రి షెడ్డు కింద చోటు, టార్పాలిన్, కాపలా ఉచితంగా ఇవ్వాలి. నాలుగోది, ఫలితాలు పొద్దుండగానే రావాలి. చీకటి పడ్డాక వచ్చిన ధరను కాదనడం ఊరికి దూరంగా ఉన్న రైతుకు, ముఖ్యంగా ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి, ఎంత కష్టమో అధికారులకు తెలియనిది కాదు.

2024 ఫిబ్రవరిలో అచ్చంపేట యార్డులో పల్లి రైతులు ధర విషయమై ఆందోళనకు దిగారు. అంతదాకా వచ్చిందంటే యార్డులో ‘వద్దు’ అనే మాటకు చోటు లేకనే. ఆ మాట కాగితం మీద కాక కల్లం మీద చెల్లిన నాడు రైతు రోడ్డెక్కే పని ఉండదు.

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మన మూడు జిల్లాల యార్డులు పల్లికాయతో నిండుతాయి. ఈసారి బండి కట్టే ముందు నాలుగు పనులు చేయండి. కాయ ఎండిందో లేదో చూసుకోండి. గింజ తూచుకోండి. పక్క రైతులతో మాట్లాడుకోండి. కింది ధర చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. యార్డులో తెర మీద ధర కనబడినప్పుడు ఎవరి ముఖమూ చూడకుండా ఆ చీటీ తీసి చూడండి. ధర చీటీని దాటితే సంతోషంగా ఇవ్వండి. దాటకపోతే ‘వద్దు’ అనండి. ఒక్కరు అంటే అది మొండితనం అంటారు. యార్డులో సగం మంది అంటే మర్నాడు ధర కదులుతుంది.